ఫీజు కట్టే ముందు ఆ ఒక్క లైను చదువు

చిరంజీవి అమ్మలుకు పెదమామయ్య ఆశీస్సులు.

విదేశంలో చదువు కోసం రాసే ఇంగ్లిష్ పరీక్షల్లో ఐఈఎల్‌టీఎస్ రాయాలా, టోఫెల్ రాయాలా, పీటీఈ తేలికంటున్నారు నిజమేనా అని అడిగావు. ఏది తేలికో తర్వాత చూద్దాం. నువ్వు చేరదామనుకుంటున్న కోర్సు పేజీలో ఇంగ్లిష్ అర్హత గురించి ఏం రాశారో పొల్లుపోకుండా చదివావా? ముందు ఆ పని చెయ్యి.

ఊరికే అనడం లేదు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు పీజీకి వెళ్లాలని వచ్చాడు. వాడికి కావాల్సింది ఐఈఎల్‌టీఎస్ అకడమిక్. పేరొకటే కదా అని దగ్గరుండి జనరల్ ట్రైనింగ్ మీద టిక్కు పెట్టించింది నేనే. లిజనింగ్, స్పీకింగ్ రెండింటికీ ఒకటే గానీ రీడింగ్, రైటింగ్ వేరు. అకడమిక్‌లో గ్రాఫో పట్టికో చూసి వివరించాలి, జనరల్‌లో ఉత్తరం రాయాలి. వాడికి మంచి స్కోరే వచ్చింది, యూనివర్సిటీ ఒప్పుకోలేదు. మళ్లీ ఫీజు, మళ్లీ తేదీ. వాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

చదువుకైతే అకడమిక్ అని గుర్తుపెట్టుకో. మీ అన్నయ్యలా కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసమైతే ఐఈఎల్‌టీఎస్ జనరల్ గానీ, కెనడావాళ్ల పరీక్ష సెల్‌పిప్ జనరల్ గానీ, పీటీఈ కోర్ గానీ రాయాలి. అక్కడ పీటీఈ అకడమిక్ చెల్లదు. డ్యుయొలింగో ఇంగ్లిష్ పరీక్షయితే ఇంట్లో కూర్చుని గంటలో అయిపోతుంది, చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి కూడా. అయితే యూనివర్సిటీ తీసుకున్న పరీక్షను వీసా వాళ్లూ తీసుకోవాలని లేదు. రెండు చోట్లా చూసుకో.

ఇక ఐఈఎల్‌టీఎస్ స్కోరు. 'మొత్తం 6.5, ఏ సెక్షన్‌లోనూ 6కి తగ్గకూడదు' అని రాస్తారనుకో. నీకు లిజనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6 వచ్చాయి. సగటు 6.25. దాన్ని పైకి సవరించి 6.5 ఇస్తారు. ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. రైటింగ్ 5.5 దగ్గర మాత్రం సీటు ఆగిపోతుంది. కంప్యూటర్ మీద రాసినవాళ్లు ఆ ఒక్క సెక్షన్‌నే 60 రోజుల్లోపు మళ్లీ రాసుకునే వీలుంది గానీ, అలా వచ్చిన స్కోరును అందరూ ఒప్పుకోరు.

మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా రైటింగ్‌లోనే. గంటలో రెండు రాయాలి: మొదటిది కనీసం 150 పదాలు, రెండోది వ్యాసం, కనీసం 250. రెండోదానికి రెట్టింపు విలువ. మొదటిదాన్ని చెక్కుతూ కూర్చుని, వ్యాసం సగంలో ఉండగా టైమైపోయినవాళ్లను ఎంతమందిని చూశానో! వ్యాసానికి 40 నిమిషాలు అట్టిపెట్టుకో. బట్టీ పట్టిన వాక్యాలు అతికించకు. దిద్దేవాళ్లు రోజూ చూసేవే అవి.

స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా మనిషే ఉంటారు. మధ్యలో ఒక కార్డు ఇస్తారు. ఆలోచించుకోవడానికి నిమిషం, పెన్సిలు, కాగితం. ఆ నిమిషంలో వాక్యాలు రాయబోతే ఒకటిన్నర వాక్యం దగ్గరే ఆగిపోతావు. 'ఎవరు, ఎప్పుడు, ఎందుకు నచ్చింది' ఇలా నాలుగైదు ముక్కలు గీసుకో, చాలు. రెండు నిమిషాలు కాగానే మాట మధ్యలోనే ఆపేస్తారు. కంగారుపడకు, అది వాళ్ల గడియారం పని. యాస కూడా అరువు తెచ్చుకోకు. నీ మాట స్పష్టంగా అర్థమైతే సరి.

మనిషి ముందు నోరు పెగలదంటావా, పీటీఈ చూడు. అందులో మైకుతోనే మాట్లాడాలి, మార్కులూ చాలావరకు కంప్యూటరే వేస్తుంది. పక్కసీటు వాళ్ల గొంతులు వినబడుతూనే ఉంటాయి మరి! టోఫెల్ అయితే 2026 జనవరి నుంచి 1 నుంచి 6 స్కేలు మీద స్కోరు ఇస్తున్నారు. పాత స్కేలులో 120కి ఇన్ని రావాలని సీనియర్లు చెప్పే లెక్కతోనే సరిపెట్టుకోకు.

స్కోరు రెండేళ్లే పనిచేస్తుంది కాబట్టి మరీ ముందుగా రాసి దాచుకోకు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో బుకింగ్‌లోనూ అలాగే ఉండాలి. పరీక్షకు అదే పాస్‌పోర్టు పట్టుకెళ్లు.

కోర్సు పేజీలోని ఆ లైను ఫోటో తీసి నాకు పంపు. ఈసారి టిక్కు పెట్టేది నువ్వే, నేను పక్కన కూర్చుని రెండుసార్లు చూస్తాను.

మీ పెదమామయ్య