బొమ్మలు ఇంకా కట్టకు

అమ్మడూ,

మన విశాఖ పక్కన భీమిలి, పద్మనాభం వైపు ఊళ్ళలో నువ్వు వేసిన బొమ్మలు ఇళ్ళలో తగిలించుకోడానికి ఇద్దామనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషమేసింది. కానీ బొమ్మలు ఇంకా మూట కట్టకు. ముందు చేతులూపుకుంటూ ఓసారి వెళ్ళొద్దాం.

ఎవరి వెంట వెళ్తావన్నదే అసలు సంగతి. మొదటిసారి నేను ఓ ఊరిపెద్ద వెంట వెళ్ళాను. ఆయన చూపించినవన్నీ ఆయన చుట్టాల ఇళ్ళే. మిగతా ఊరికి అది పార్టీ వ్యవహారంలా కనిపించింది. మళ్ళీ వెళ్తే పలకరించినవాళ్ళు లేరు. ఇప్పుడైతే డ్వాక్రా సంఘం మీటింగ్ రోజు కనుక్కుని వెళ్ళి ఓ మూల కూర్చుంటాను. పొదుపు లెక్కలయ్యాక సంఘం లీడరో, అంగన్‌వాడీ టీచరో నా గురించి ఓ మాట చెబుతారు. "ఆధార్ కార్డు తేవాలా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. డబ్బు అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, నచ్చకపోతే తిరిగిచ్చేయొచ్చని అప్పుడే చెప్పెయ్.

ఏ బొమ్మ, ఏ గోడ అన్నది ఇంటావిడనే ఎంచుకోనీ. దేవుడి మూల జోలికి, పోయిన పెద్దల ఫొటోలున్న గోడ జోలికి నువ్వుగా వెళ్ళకు. ఒకావిడకి వలల బొమ్మ నచ్చుతుందనుకున్నాను. గుమ్మడిపాదు బొమ్మ తీసుకుంది. "సముద్దరం రోజూ సూసేదే కద బాబూ" అంది.

ఇక తగిలించడం. ఒడ్డున ఓ ఇంట్లో నీటిరంగుల బొమ్మకి అద్దం కట్టించి ఇనప మేకుకి తగిలించాను. వానలు వెలిశాక వెళ్ళి చూద్దును కదా, ఉప్పుగాలికి మేకు పొరలుపొరలుగా రాలుతోంది. కాగితం అద్దానికి అతుక్కుపోయి, దానిమీద తెల్లటి బూజు. ఆ ఇంటి పిల్ల తుడవబోతే రంగు కూడా వచ్చేసింది. అప్పట్నుంచి అద్దానికీ కాగితానికీ మధ్య సందుండేలా బొమ్మ చుట్టూ మందపాటి అట్ట (మౌంట్ బోర్డు) పెట్టిస్తున్నాను, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడుతున్నాను. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు చిన్న చెక్కముక్కలు అతికించు, వెనక గాలాడుతుంది. మట్టిగోడకి మేకు కొడితే పెళ్ళలూడతాయి. దూలానికి తాడు కట్టి వేలాడదీయి. రేకుల ఇళ్ళకి అద్దమే వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలి నువ్వూ చూశావుగా. చెక్క పలక మీద వేసినవి అలాంటి ఇళ్ళకి ఉంచు.

వెనక నీ పేరు, ఫోన్ నంబరు రాయి. వానలయ్యాక ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళాలి. చాలామంది ఇక్కడే మానేస్తారు, అదే నాకు బాధ.

ఆదివారం పొద్దున్న ఏడింటికి మద్దిలపాలెం కాంప్లెక్స్‌కి వచ్చెయ్. కొలిచే టేపూ పెన్సిలూ చాలు.

నీ పెదనాన్న