కాగితం మీద 1347

ప్రశ్న: మాది వర్ని దగ్గర ఒక క్యాంపు, అంటే కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. మా ముత్తాత రేపల్లె వైపు నుంచి 1925లో వచ్చాడనీ, అప్పటికే నిజాంసాగర్ కాలువ పారుతోందనీ, చుట్టూ అంతా అడవేననీ నాయనమ్మ చెబుతుంది. "మన ఆరు రూపాయలిస్తే ఇక్కడివి ఏడొచ్చేవట" అంటుంది. ట్రంకుపెట్టెలో ఒక ఉర్దూ కాగితం ఉంది. మా బడి ఉర్దూ టీచరుగారు దాని మీద 1347 అని ఉందన్నారు. "అంటే కాకతీయులు పోయిన పాతికేళ్ళకే వచ్చామన్నమాట" అని అన్నయ్య ఒకటే నవ్వు. చేలో ఒక మట్టిదిబ్బ, పక్కనే పగిలిన రోలు ఉన్నాయి. ఇందులో నమ్మాల్సింది ఎంత?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా

జవాబు: ముందు మీ అన్నయ్య నవ్వు ఆపుదాం. 1347 ఫసలీ సంవత్సరం, అమ్మా. నిజాం కచేరీల్లో లెక్కంతా ఫసలీలోనే. దానికి 590 కలిపితే 1937. ఫసలీ అక్టోబరు మొదటి వారంలో మారేది కాబట్టి ఆ కాగితం 1937 అక్టోబరుకూ 1938 అక్టోబరుకూ మధ్య రాసింది. ఆజూర్, దై, బహమన్ లాంటి నెల పేరేదైనా ఉందేమో టీచరుగారినే మళ్ళీ అడగండి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టిందీ 1937లోనే. మీవాళ్ళు మొదట చెరకు వేశారా, వరి వేశారా అని నాయనమ్మను కదిపి చూడండి.

1925 మాత్రం నిలవదు. మంజీర మీద ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో ముగిసింది. కట్ట లేవకుండా కాలువ ఎలా పారుతుంది? అలాగని పెద్దావిడ అబద్ధమాడిందనకండి. అందరికన్నా ముందొచ్చింది మేమేనని ప్రతి క్యాంపులోనూ ప్రతి ఇంటివాళ్ళూ చెబుతారు. మా అమ్మ కూడా ఎడ్లబండి మీద నెల్లాళ్ళు ప్రయాణం చేశామనేది. తీరా చూస్తే బెజవాడలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో చిన్న రైలుకు మారి, నిజామాబాద్‌లో దిగారు. బండి కట్టింది స్టేషన్ నుంచి ఊరిదాకానే.

ఆ ఆరూ ఏడూ మాటను మాత్రం బంగారంలా దాచుకోండి. బ్రిటిషువాళ్ళ రూపాయిని ఇక్కడ కల్దారు అనేవారు, నిజాం రూపాయి హాలీ. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. సరిగ్గా అదే మారకం. ఇది కల్పించి చెప్పే సంగతి కాదు, డబ్బు లెక్కపెట్టిన చేతుల నుంచి వచ్చింది. నాయనమ్మ పొలాన్ని ఇప్పటికీ సెంట్లలో చెబుతోందా? ఇక్కడ ఎకరానికి నలభై గుంటలు, కోస్తాలో వంద సెంట్లు. మనిషి మకాం మార్చినంత సులువుగా నాలుక కొలతలు మార్చుకోదు. ముప్పయ్యేళ్ళు గొలుసు లాగిన సర్వేయరుని, ఈ తేడా మీద ఎన్ని తగువులు చూశానో.

"అంతా అడవి" అన్నది సగమే నిజం. కాలువ రాకముందూ ఇక్కడ ఊళ్ళున్నాయి, జొన్న చేలున్నాయి, చెరువులున్నాయి. మీ పొలం అంతకుముందు ఎవరిదో వాళ్ళ ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. ఎంతకు అమ్మారు, ఎందుకు అమ్మారు? ఆ ఇంటికీ ఒకసారి వెళ్ళి రండి. మన క్యాంపుల వాళ్ళం ఈ పని చెయ్యం, అదే మన లోటు.

సర్వే నంబరు పట్టుకుని తహసీలుకు వెళ్ళి 1954–55 ఖాస్రా పహాణీ, అంటే సర్వే నంబర్లవారీగా రాసిన భూమి రికార్డు, నకలు అడగండి. పట్టాదారు ఎవరో, కబ్జాలో ఎవరున్నారో అందులో వేరువేరుగా ఉంటుంది. అంతకన్నా వెనక్కి పోవాలంటే సేత్వార్, అంటే మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు. ఉర్దూ కాగితాన్ని మాత్రం లామినేషన్ చేయించకండి. పాత కాగితానికి అంతకన్నా చావు లేదు. ఫోటో తీసి, గుడ్డలో చుట్టి పెట్టండి.

ఇక దిబ్బ. మట్టిగోడల పాక పడిపోతే పదిహేను వానలకు అలాంటి గుట్టే మిగులుతుంది. రోలు అక్కడే ఉందంటే వంటిల్లు ఆ పక్కనే అయివుండొచ్చు. బూడిద, కుండపెంకులు కనిపిస్తాయేమో చూడండి, కానీ తవ్వకండి. నలుపూ ఎరుపూ కలిసిన నునుపు పెంకులు గనక దొరికితే అది మీ ముత్తాత పాక కాదు, ఎన్నో వందల ఏళ్ళ నాటి పాటిదిబ్బ, అంటే పాత ఊరు పాడుపడిన చోటు. అప్పుడు పురావస్తు శాఖకు చెప్పాలి. రోలును ఇంటికి తెచ్చి కడిగి తులసికోట పక్కన పెట్టాలని మీ అమ్మగారికి ఉంటుంది. కొన్నాళ్ళు ఆగమనండి. ముందు నాయనమ్మను చేను దగ్గరకు తీసుకెళ్ళి, అత్తగారు పొయ్యి ఎటువైపు ఉండేదని చెప్పిందో వేలు పెట్టి చూపించమనండి.