జెడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ మార్కు

ప్రశ్న: మాది గ్రానైట్ ఆఫీసు. బిల్లులన్నీ ఒక కంప్యూటర్లో ఉంటాయి, మిగతా మూడింట్లో అది జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని మీద ఎర్ర ఇంటూ పడుతోంది. ఎస్‌ఎస్‌డీ వేయించినప్పటినుంచే ఈ గోల. డిస్క్ లోపమా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: లోపం కాదండీ, దాని వేగంతోనే చిక్కు. ఎస్‌ఎస్‌డీ ఉంటే విండోస్ అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. రౌటర్ తేరుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు కావాలి. విండోస్ బిల్లుల కంప్యూటర్‌ను ఒకసారి పిలిచి, పలక్కపోతే ఇంటూ పెట్టి ఊరుకుంటుంది.

డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేయండి. తెరుచుకుంటే టైము తేడా, అంతే. లేదంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ యూజ్’ (షేర్ డ్రైవ్‌ను కలిపే కమాండ్)తో కలిపి చూడండి. ఎర్రర్ 86 అంటే పాస్‌వర్డ్ తప్పు. 53 అంటే అవతలి కంప్యూటర్ దొరకలేదు. డ్రైవ్‌ను ఐపీ అడ్రసుతో (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు) కలిపి ఉంటే, కరెంటు వచ్చాక రౌటర్ దానికి వేరే అడ్రసు ఇచ్చి ఉండొచ్చు. రౌటర్ సెట్టింగుల్లో ఆ కంప్యూటర్‌కు ఒకే అడ్రసు రిజర్వ్ చేయండి.

టైము తేడాకు మందు టాస్క్ షెడ్యూలర్, అంటే చెప్పిన టైముకు పనిని తనంతట నడిపే విండోస్ టూల్. ముందు పాత జెడ్ డ్రైవ్‌ను డిస్కనెక్ట్ చేయండి. లాగిన్ అయిన 2 నిమిషాలకు ‘నెట్ యూజ్’ నడిచేలా కొత్త టాస్క్ పెట్టి, కమాండ్ చివర ‘పర్సిస్టెంట్’ను (డ్రైవ్‌ను గుర్తుపెట్టుకుని మళ్లీ కలపమనే ఆప్షన్) ‘నో’ చేయండి. ‘రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్’ టిక్కు మాత్రం పెట్టొద్దు. పెడితే డ్రైవ్ అడ్మిన్ సెషన్‌కు కలుస్తుంది, మామూలుగా తెరిచిన ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నెట్‌వర్క్ కోసం ఆగమనే సెట్టింగ్ ప్రో ఎడిషన్ గ్రూప్ పాలసీలో ఉంది గానీ, రౌటరే ఆలస్యమైతే దాన్ని నమ్ముకోలేం. అన్నిటికంటే రౌటర్‌ను యూపీఎస్ మీద పెట్టడం మేలు.

ప్రశ్న: సర్వర్ ఆపి ఉంటే మా ఉబుంటు (లైనక్స్) కంప్యూటర్ ఆన్ కావడానికి నిమిషంన్నర పడుతోంది. పైగా నిన్న షేర్ ఫోల్డర్లో దాచిన ఫైళ్లు ఇవాళ లేవు!
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఆ నిమిషంన్నర సిస్టమ్‌డీ (ఉబుంటును లేపే ప్రోగ్రాం) సర్వర్ షేర్ కోసం ఎదురుచూసే 90 సెకన్లు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు, షేర్ ఎక్కడ కలపాలో రాసే ఫైలు) ఆ షేర్ లైను ఆప్షన్లకు ‘నోఫెయిల్’, ‘ఎక్స్ హైఫన్ సిస్టమ్‌డీ చుక్క ఆటోమౌంట్’ చేర్చి రీబూట్ చేయండి. ఇకపై ఫోల్డర్ తెరిచినప్పుడే షేర్ మౌంట్ అవుతుంది, అంటే ఆ ఫోల్డర్‌కు కలుస్తుంది.

ఫైళ్లు పోలేదమ్మా. మౌంట్ కాని ఫోల్డర్ మీ సొంత డిస్క్‌లోని మామూలు ఫోల్డరే. అందులో పడ్డవాటిని ఇవాళ పైన మౌంట్ అయిన షేర్ కప్పేసింది. ‘యుమౌంట్’ కమాండ్‌తో షేర్‌ను విడదీస్తే బయటపడతాయి. ముందు వాటిని వేరేచోటికి మార్చుకుని, ఆ తర్వాతే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ముట్టుకోండి.