కొనేవాళ్ల మనసు చదువుతానంటోంది, పంపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఎంబీఏ చేయమంటే వినడం లేదు. కొనేవాళ్ల మనస్తత్వాన్ని చదివే కన్జ్యూమర్ సైకాలజీ అంటూ ఆన్‌లైన్‌లో ఆరు నెలల న్యూరోమార్కెటింగ్ (మెదడు స్పందనలను కొలిచి అమ్మకాలకు వాడుకోవడం) సర్టిఫికెట్ కోర్సు చూపిస్తోంది. రెండింటిలో ఏది మేలు? అసలు రంగులు, వాసనలు, పాటలతో మాయచేసి సరుకు అమ్మడం ఒక చదువేనా? రేపు తన కాళ్ల మీద తాను నిలబడగలదా? – ఒక తండ్రి

జవాబు: మీరు అడగాలనుకున్నది ఆ చివరి వాక్యమేనండీ. ఇలాంటి ఉత్తరాలు ఎన్ని చదివానో! అందుకే ముందు దానికే జవాబు చెబుతాను: నిలబడగలదు. మార్కెట్ పరిశోధన, ప్యాకేజింగ్, యాప్‌ల యూజర్ రీసెర్చ్, రుచినీ వాసననీ పరీక్షించే ల్యాబ్‌లు, ప్రజారోగ్య ప్రచారాలు... మనిషి ఒకదాన్ని ఎందుకు ఎంచుకుంటాడో గమనించి, లెక్కతో నిరూపించగలిగే వాళ్లు వీటన్నిటికీ కావాలి.

చదువేనా అన్నారు. బయటికి కనిపించే ప్రవర్తననే చదవాలన్న ప్రవర్తనావాదానికి ఆద్యుడైన మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1920ల మొదట్లోనే ప్రకటనల కంపెనీలో చేరారు. 1997లో 'నేచర్' పత్రికలో ఒక ప్రయోగం అచ్చయింది. సూపర్‌మార్కెట్‌లో ఫ్రెంచ్ సంగీతం వినిపించినప్పుడు ఫ్రెంచ్ వైన్, జర్మన్ సంగీతం వినిపించినప్పుడు జర్మన్ వైన్ ఎక్కువగా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లను అడిగితే, పాట వల్లే కొన్నామని ఒప్పుకున్నది చాలా కొద్దిమంది. 2004లో జాంపినీ, స్పెన్స్ అనే పరిశోధకులు చిప్స్ కొరికే చప్పుడును హెడ్‌ఫోన్స్‌లో పెంచి వినిపించారు. అవే చిప్స్ మరింత కరకరలాడుతున్నాయని, తాజాగా ఉన్నాయని తిన్నవాళ్లు చెప్పారు. చెవి చెప్పిందే నోరు నమ్మింది! మన ఇంద్రియాలు ఇలా ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో తెలుసుకోవడం చిన్న చదువేమీ కాదు.

నా బెంగంతా ఆ ఆరు నెలల కోర్సు గురించే. మెదడు స్కాన్ చూసి మనసులో మాట చెప్పేస్తామనే ప్రకటనలు నాకు నచ్చవు. 2009లో కొందరు శాస్త్రవేత్తలు చచ్చిన సాల్మన్ చేపను ఎంఆర్ఐ స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించారు. గణాంకాల్లో చేయాల్సిన సవరణ చేయకుండా చూస్తే, ఆ చేప మెదడులోనూ చలనం ఉన్నట్టు తేలింది. వేల బిందువులను ఒకేసారి కొలిస్తే ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా ఏదో కనిపిస్తుంది. దాన్ని వడకట్టడం రానివాళ్ల చేతిలో స్కాన్ బొమ్మ ఉంటే నష్టమే.

ఈ రంగంలో వినడానికి బాగుండే కథలు ఎక్కువ. సినిమా తెర మీద కంటికి అందనంత వేగంగా సందేశాలు మెరిపించి పాప్‌కార్న్ అమ్మకాలు పెంచానని 1957లో జేమ్స్ వికరీ ప్రకటించారు. తర్వాత అందులో పస లేదని ఆయనే ఒప్పుకున్నారు. 2000లో వచ్చిన జామ్ ప్రయోగం సంగతి చూడండి. దుకాణంలో రుచి చూడడానికి 24 రకాల జామ్ పెడితే ఆగినవాళ్లలో 3 శాతం, 6 రకాలే పెడితే 30 శాతం కొన్నారు. ఎంపికలు ఎక్కువైతే కొనడం తగ్గుతుందన్నమాట. దాన్ని ఎన్ని కోర్సుల్లో చెబుతారో! కానీ 2010లో అలాంటి 50 ప్రయోగాలను కలిపి చూస్తే సగటు ప్రభావం దాదాపు సున్నా. ఈ రెండో సగం కూడా చెప్పే కోర్సులోనే అమ్మాయిని చేర్పించండి.

ఇక మీతో ఒక మాట, కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. 'వినడం లేదు' అని రాశారు. తనకు ఇది ఎందుకు నచ్చిందో మాత్రం ఒక్క ముక్కా రాయలేదు. అడిగారా? మీరు వినకుండా తను వినాలంటే ఎలా? మాయచేసే పని అనే మీ జంకు మాత్రం న్యాయమైనదే. యాప్‌లో 'రద్దు' బటన్‌ను దాచేదీ ఈ విద్యే, ఆ దాపరికాన్ని పట్టుకునేదీ ఈ విద్యే. ఎటు నిలబడాలో ఆలోచించే పిల్లను పెంచింది మీరే కదా, అంత భయమెందుకు?

పోలిక అడిగారు కాబట్టి: ఎంబీఏలో ధర, పంపిణీ, అమ్మకం అన్నీ తెలుస్తాయి, మనసు గురించి ఒకటి రెండు పేపర్లే ఉంటాయి. ఆమె కోరుకున్నది మనసే అయితే గణాంకాలు, ప్రయోగ పద్ధతులు గట్టిగా నేర్పే సైకాలజీ పీజీ మేలు. సర్టిఫికెట్ కోర్సు ఆ తర్వాత, అదీ అవసరమనిపిస్తేనే.

ఈ వారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చేప సంగతి చెప్పండి. లెక్కలో తప్పు ఎక్కడుందో వెతకమనండి. రాత్రి పొద్దుపోయేదాకా తవ్వుతూ కూర్చుంటే పీజీకి దరఖాస్తు పెట్టించండి. పది నిమిషాలకే విసుగొస్తే, అప్పుడు ఎంబీఏ గురించి ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి.