పార్కిన్‌సన్స్ ఉన్నవారికి వీడియో కాల్‌లో చేసే జ్ఞాపకశక్తి పరీక్షను నమ్మవచ్చా?

పార్కిన్‌సన్స్‌తో చేయి వణికే మీ నాన్నగారికి డాక్టరుగారు వీడియో కాల్‌లో జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తామన్నారనీ, ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చుననీ అడిగారు. మా అమ్మగారికి కూడా ఇదే వ్యాధి. ఆమెకు ఇంటి నుంచే ఇటువంటి పరీక్షలు చేయించాము. నా అభిప్రాయంలో ఇవి నిజంగా ఉపయోగపడతాయి, అయితే చేతి ఇబ్బందిని బుద్ధి లోపంగా లెక్కకట్టకుండా చూడటం ముఖ్యం.

ఎక్కువగా వాడే మోకా అనే పరీక్ష 2005లో వెలువడింది, దానికి తెలుగు రూపం కూడా ఉంది. మొత్తం 30 మార్కులు. 26, అంతకు మించి వస్తే సాధారణంగా ఫరవాలేదంటారు. దీన్నే ఫోన్‌లో మాటలతో చేస్తే గడియారం గీయడం, ఘనం బొమ్మ వేయడం, జంతువుల పేర్లు చెప్పడం వంటివి తొలగిపోయి 22 మార్కులే మిగులుతాయి. కానీ పార్కిన్‌సన్స్‌లో చాలామందికి ముందుగా తగ్గేది పనిని వరుసగా ఆలోచించే శక్తి, ఆకారాలను పోల్చుకునే శక్తి. ఫోన్ పరీక్షలో వదిలేసేవి చాలావరకు వాటినే కొలిచే అంశాలు. అందుకే ఫోన్ కంటే వీడియోనే అడగమని గట్టిగా చెబుతాను.

మా అమ్మగారు గీసిన గడియారం వంకరగా వచ్చింది, అంకెలు పోను పోను చిన్నవైపోయాయి. పరీక్ష చేసినావిడ ముళ్లు ఎక్కడెక్కడ ఉండాలో నోటితో చెప్పమని అడిగినప్పుడు మాత్రం అమ్మ తడుముకోకుండా చెప్పింది. ఆ తేడాను ఆవిడ నివేదికలో రాయడం వల్లనే మాకు మేలు జరిగింది. ఇంత సమయంలో పూర్తి చేయాలనే పరీక్షలుంటే, రాయడానికి బదులు నోటితో జవాబు చెప్పే రూపం ఉందేమో మీరూ అడగండి. ఈ వ్యాధిలో గొంతు కూడా సన్నబడుతుంది కనుక, నోటికి దగ్గరగా మైక్ ఉండే ఇయర్‌ఫోన్ పెట్టండి. లేకపోతే వారు చెప్పిన జవాబు అవతలివారికి వినబడక, చెప్పనట్టే లెక్కలోకి వెళుతుంది.

వేళ విషయంలో రాజీపడవద్దు. పార్కిన్‌సన్స్‌కు వాడే లెవోడోపా మాత్ర బాగా పనిచేస్తూ, నాన్నగారు ‘ఆన్’లో, అంటే కదలికలు సులువుగా ఉండే సమయాన్ని మీరే గమనించి, దానికి తగినట్టు అపాయింట్‌మెంట్ అడగండి. వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్ వాడుతుంటే ముందే చెప్పండి. పెద్ద వయసువారిలో ఆ మందే జ్ఞాపకాన్ని మసకబార్చవచ్చు, అయితే డాక్టరుగారిని అడగకుండా దాన్ని ఆపకండి. తేదీ, వారం అడుగుతారు కాబట్టి గోడ మీది క్యాలెండర్‌ను తీసి పక్కన పెట్టండి. పక్కన కూర్చున్నవారు పెదవి కదపకూడదు. ప్రేమ కొద్దీ అందించే ఒక్క మాట వల్ల కూడా ఆ తరువాతి మార్కులన్నీ అనుమానాస్పదమవుతాయి.

మార్కులు తక్కువ వస్తే దానినే నిర్ధారణగా తీసుకోకుండా, నేరుగా కూర్చోబెట్టి చేసే పూర్తి పరీక్షకు వెళ్లండి; నిద్రలేమి, దిగులు కూడా మార్కులను తగ్గిస్తాయి. మళ్లీ చేయించేటప్పుడు ఇదే పద్ధతిలో, మాత్ర వేసుకున్నాక ఇంతే వ్యవధిలో చేయించితేనే పాత మార్కులతో పోల్చడానికి వీలవుతుంది. ఒకవేళ ఆయన ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే అయోమయంగా మాట్లాడుతున్నారనిపిస్తే వీడియో పరీక్ష కోసం ఆగకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్లో, మందు మార్పు వల్లో అలా జరిగి ఉండవచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.