గట్టు మీది ఆముదాలను పీకవద్దు

అన్నా, కళ్యాణదుర్గం దగ్గర మీ వేరుశనగ చేను గట్టున నాటిన ఆముదం ఆకుల మీద గుడ్ల ముద్దలు కనిపిస్తున్నాయని, పురుగును మనమే పిలిచినట్లయిందని, మొక్కలు పీకేయాలా అని అడిగారు. దయచేసి పీకవద్దు. ఆ ముద్దలు వేరుశనగ మీద పడలేదు, ఆముదం మీద పడ్డాయి. పొగాకు లద్దె పురుగును వేరుశనగ మీదికి పోనీయకుండా ఎరగా నాటింది అందుకే కదా!

ఈ పురుగు తల్లి, అంటే రెక్కల పురుగు, రాత్రిపూట తిరుగుతుంది. ఆకు వాసనను మీసాలతో పసిగట్టి వస్తుంది, వాలాక కాళ్లతో రుచి చూస్తుంది. నచ్చితేనే గుడ్లు పెడుతుంది. రెండు పంటలూ పక్కపక్కనే ఉంటే దాని మొగ్గు ఆముదం వైపే.

అయితే ఎర వేసి వదిలేస్తే ప్రమాదం. వారానికి రెండుసార్లు ఉదయాన్నే ఆకులు తిప్పి, ముఖ్యంగా అడుగు భాగం చూడండి. గోధుమరంగు నూగు కప్పిన ముద్ద ఉంటుంది. ఆ నూగు తల్లి పొట్ట మీదిదే. ఒక్కో ముద్దలో 200, 300 గుడ్లు కూడా ఉండవచ్చు. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు వచ్చి, గుంపుగా పచ్చదనం గీకి తిని, ఆకును జల్లెడలా చేస్తాయి. ఆ దశలోపే ఆకుతో సహా తుంచి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయండి. పెద్దవైతే చెదిరిపోయి వేరుశనగలోకి దిగుతాయి, పగలు మట్టిలో దాక్కుంటాయి. అప్పుడు పట్టుకోవడం చాలా కష్టం.

నూగు లేకుండా విడివిడిగా గుడ్లుంటే అవి దాసరి పురుగువి కావచ్చు. అది ఎక్కువగా ఆముదాన్నే తింటుంది.