మోటారు లేకపోయినా రూలు రూలే

ప్రశ్న: అన్నా, మాది ఆత్మకూరు దగ్గర పల్లె. నా దగ్గర ఫోమ్ గ్లైడర్ ఉంది, రెక్కలు రెండు మీటర్లు, బరువు 900 గ్రాములు, మోటారు లేదు, కొండ అంచు నుంచి చేత్తో విసిరితే గాలి మీదే తిరుగుద్ది, రిమోట్‌తో తిప్పుకోవడమే. పోయిన ఆదివారం ఒక కొండ ఎక్కబోతుంటే ఒకాయన ఆపి డ్రోన్‌కి పర్మిషన్ ఏదీ అన్నాడు, ఇది డ్రోన్ కాదు సార్ అంటే వినలా. నిజంగా కావాలా? పడమర గాలి మొదలయ్యాక పెంచలకోన కొండలకి పోదామనుకుంటున్నా.

జవాబు: తమ్ముడూ, ఆయన అన్నదాంట్లో సగం నిజమే. 2021 డ్రోన్ రూల్స్‌లో మోటారు ఉందా లేదా అని చూడరు, లోపల మనిషి లేకుండా దూరం నుంచి నడిపేది ఏదైనా లెక్కలోకి వస్తుంది. నీది 250 గ్రాములు దాటింది, రెండు కిలోల లోపే, అంటే మైక్రో తరగతి. సరదాకే ఎగరేస్తావు కాబట్టి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు, కంటికి ఆనేంత దూరంలో తిప్పే మోడల్ కాబట్టి ఆ రకం మోడల్‌కి ఇచ్చే ఆమోదం, అదే టైప్ సర్టిఫికెట్, ఆ గొడవా లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ పని మాత్రం ముందే చూసుకో. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల దాకా ఎగరేయడానికి విడిగా పర్మిషన్ అడగక్కర్లేదు. కాకపోతే ఆ 400 నీ కాళ్ల దగ్గర్నుంచి కాదు, గ్లైడర్ కింద ఉన్న నేల నుంచి. 300 అడుగుల కొండ మీద నిలబడి ముందుకి తోలి, ఇంకో 150 ఎక్కించావనుకో, కింద చేలో ఉన్నోడికి అది 450.

పైన సంగతి ఇంతే, అసలు చిక్కంతా నేలతోనే. పెంచలకోన కొండలు పెనుశిల నరసింహ అభయారణ్యం, 1972 వన్యప్రాణి చట్టం కింద లోపలికి పోవాలంటే అటవీ శాఖ పర్మిట్ ఉండాల్సిందే. స్వామి దర్శనానికి పోవడం వేరు, రిమోట్ పట్టుకుని పక్క కొండెక్కడం వేరు. నా మాట విని అది మానుకో.

ఇంకోటి, పడమర గాలి అన్నావు చూడు, అక్కడే దెబ్బ తింటావు. పెంచలకోన ఉన్న వెలికొండలు ఉత్తరం దక్షిణంగా సాగుతాయి, మన నెల్లూరు వైపుది తూర్పు వాలు. పడమర గాలి అవతల కడప వైపు కొండకి కొట్టుకుని పైకి లేస్తుంది, ఇవతలకి వచ్చేసరికి సుడులు తిరుగుతూ కిందకి దిగుద్ది, అందులోకి విసిరితే గ్లైడర్ రాయిలా పోద్ది. నీకు కావాల్సింది వాలుకి ఎదురొచ్చే తూర్పు గాలి, సంక్రాంతి దాటాక చూడు.

దానికి పెద్ద కొండే అక్కర్లేదు, తూర్పు ముఖంగా చెట్లు లేని మిట్ట చాలు. అడంగల్‌లో ఎవరిదో చూడు, పట్టా అయితే రైతుని అడుగు, చాలామంది సరే అంటారు, వాళ్ల పిల్లోడికి ఒకసారి రిమోట్ ఇస్తే ఇంకా సంతోషం. కొండ పోరంబోకు అయితే తహసీల్దార్ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు జేబులో పెట్టుకో, మళ్లీ ఎవరన్నా ఆపితే చూపించడానికి ఏదో ఒక కాగితం ఉంటుంది. గాలి గట్టిగా ఉన్న రోజు చెరువు కట్ట మీద కూడా తేలుద్ది, నీళ్ల మీదుగా వచ్చే గాలి అయితే మరీ బాగుంటుంది, కాకపోతే పడిందంటే ఈత రావాలి.